మెరైన్ ట్యాంకులో చేప పైపులోకి పోతే: వాల్వు మీద చెయ్యి వేసే ముందు

"అన్నా, చేప పైపుల వడ్డది. యాక్సా బ్లేడు వట్టుకొని కూసున్న. యాడ కొయ్యాలె?"

రాత్రి పదకొండింటికి ఫోను. నేను అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "సాక్ తీసి చూసినవా?" (సాక్ అంటే డ్రెయిన్ నీళ్లను వడకట్టే సంచి.) అవతల మాట లేదు. స్టాండు తలుపు కిర్రుమన్న చప్పుడు. కాసేపటికి, "అన్నా, ఈడనే ఉన్నది. బతికే ఉన్నది."

ఇలాంటి ఫోన్లు నాకు లెక్కలేనన్ని వచ్చాయి. ఎక్కువసార్లు కథ అక్కడితోనే అయిపోతుంది. అందుకే ముందు అదే చెప్తున్నా, దయచేసి దాటేసి కిందికి పోకండి. ఓవర్‌ఫ్లో, సంపు, రిటర్న్ మోటారు ఉన్న ఉప్పునీటి ట్యాంకు నడిపేవాళ్ల కోసం రాస్తున్నది ఇది. ఏ పైపు ఎటు పోతుందో మీకు తెలుసనే అనుకుంటున్నా. (ఓవర్‌ఫ్లో అంటే ట్యాంకు పై నీళ్లు పొర్లి పడే గది. అక్కడి నుంచి నీళ్లు డ్రెయిన్ పైపుల్లో సంపులోకి దిగుతాయి, రిటర్న్ మోటారు వాటిని మళ్లీ ట్యాంకులోకి తోడుతుంది. సంపంటే ట్యాంకు కింద స్టాండులో ఉండే తొట్టి. ఓసారి నేను "సంపులో చేప పడింది" అని అరిస్తే మా అమ్మ వాకిట్లో మంచినీళ్ల సంపు దగ్గరికి పరిగెత్తింది.)

లక్షణం: చేప కనపడటం లేదు, మిగతాదంతా మామూలుగా ఉంది

నీళ్ల చప్పుడు మారలేదు, మట్టం మారలేదు, చేప ఒక్కటే లేదు. అంటే పైపులో ఏదీ అడ్డం పడలేదు. మోటారు ఆపకండి, ఏ వాల్వూ ముట్టుకోకండి. ఈ వరసలో చూడండి.

మొదట ఫిల్టర్ సాక్. పైనుంచి తొంగిచూస్తే సరిపోదు. సాక్ మడతల్లో, అడుగున పేరుకున్న మురికి కింద చేప కదలకుండా ఉంటుంది. సాక్‌ను నీళ్లతో సహా మెల్లగా పైకెత్తి, ట్యాంకు నీళ్లు పోసిన బకెట్‌లోకి వంచండి. సాక్ లేని సంపైతే ప్రొటీన్ స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) వెనక, అడ్డుగోడల మధ్య వెతకండి.

తర్వాత ఓవర్‌ఫ్లో బాక్స్. మూత తీసి, టార్చి వేసి, నిలువు పైపుల వెనక మూలల్లో చూడండి. అక్కడ ఎప్పుడూ చీకటే, గోడలకు ఊదారంగు నాచు. ఫైర్‌ఫిష్ పైపు వెనక నిట్టనిలువుగా ఆనుకుని ఉంటే టార్చి కాంతి దాని ఎర్రటి తోక మీద పడేదాకా తెలీదు. నీళ్లు ఆగకుండా పారుతుంటాయి, మేత తునకలూ పడుతుంటాయి కాబట్టి ఓవర్‌ఫ్లోలో చేప రోజుల తరబడి హాయిగా బతికేస్తుంది. కంగారేం లేదు. చిన్న ప్లాస్టిక్ గ్లాసును పక్క నుంచి దించి, రెండో చేత్తో చేపను అటు తోలండి. వల వద్దు. క్లౌన్ ఫిష్‌కు మొప్పల మూత మీద ముళ్లుంటాయి, ఏంజెల్‌కు చెంప దగ్గర ముల్లు ఉంటుంది, టాంగ్‌కు తోక దగ్గర కత్తి. అవి వలలో చిక్కుకుంటే విడిపించడమే పెద్ద పని.

రెండు చోట్లా లేకపోతే ఇసుక. హాలికోరిస్ జాతి రాస్ చేపలు ఇసుకలో దూరి పడుకుంటాయి. కొత్తగా తెచ్చినవైతే కొన్ని రోజులు మొహం చూపించవు. దాని కోసం రాళ్లన్నీ పీకి ఇసుక కెలికితే ఇంకో నాలుగు చేపలకు ప్రాణం మీదికి వస్తుంది. ఆఖరుగా ట్యాంకు వెనక నేల. ఎక్కువ చెప్పను.

లక్షణం: వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్లను కదిపే మోటారు) జాలీకి చేప అతుక్కుని ఉంది

ప్లగ్ పీకండి, చేప జారిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చేప మామూలుగా అక్కడ ఇరుక్కోదు. అప్పటికే జబ్బు పడిందో, చచ్చాక కొట్టుకొచ్చిందో అయ్యుంటుంది. వేవ్‌మేకర్‌ను తిట్టకుండా మిగతా చేపల ఒంటిని, ఊపిరిని చూడండి.

లక్షణం: చేప లేదు, ఓవర్‌ఫ్లోలో నీళ్లు పెరిగాయి, గుడగుడ మొదలైంది

నన్ను దెబ్బకొట్టింది ఇదే. కాస్త నిదానంగా చెప్తాను.

మన ఇళ్లలో చాలా ట్యాంకులకు రెండు డ్రెయిన్ పైపులుంటాయి. ఒకటి గాలి లేకుండా నిండుగా పారే సైఫన్ పైపు, దాన్ని గేట్ వాల్వుతో (పిడి తిప్పితే పలక దిగి దారి మూసే వాల్వు) సన్నగా బిగించి పెడతాం. రెండోది అత్యవసరానికి, కాస్త ఎత్తుగా ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు దీంట్లోకి సన్నటి పొర తప్ప నీళ్లు పోవు, చప్పుడూ ఉండదు. కరెంటు పోయి వచ్చాక కొద్ది నిమిషాలు గుడగుడలాడటం మామూలే, సైఫన్ అందుకోగానే సద్దుమణుగుతుంది. పావుగంట దాటినా ఆగలేదంటే సైఫన్ పైపులో ఏదో అడ్డం ఉన్నట్టు. అంతకు ముందే కరెంటు పోయుండి, చేపా కనపడకపోతే, ఆ అడ్డం ఏమిటో ఊహించడం కష్టమేమీ కాదు.

కరెంటుకీ దీనికీ సంబంధం ఏమిటంటారా? మోటారు నడుస్తున్నంతసేపు సైఫన్ పైపు నోరు నీళ్లలో లోతుగా ఉంటుంది. చేప మూలకు నక్కితే దాని జోలికి ఏదీ రాదు. కరెంటు పోగానే పైనుంచి నీళ్లు రావడం ఆగిపోతుంది, సైఫన్ మాత్రం లాగుతూనే ఉంటుంది. ఓవర్‌ఫ్లోలో నీళ్లు పైపు నోటి దాకా దిగిపోయి చివర్న సుడి తిరుగుతాయి. ఆ కాసిని నీళ్లలో చేపకు పారిపోయే చోటు ఉండదు. పైగా ఫైర్‌ఫిష్, గోబీ లాంటివి బెదిరితే బొరియలోకి దూరే జాతులు. వాటి కంటికి పైపు నోరు మంచి బొరియ. నోటికి జల్లెడ లేకపోతే నేరుగా దిగిపోతుంది. పైపులో ఎక్కడా ఆగకపోయినా, సన్నగా బిగించిన గేట్ వాల్వు దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని. మాది నాలుగడుగుల ట్యాంకు. ఓ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, గుడగుడ ఆగలేదు. సైఫన్ సర్దుబాటు తప్పిందనుకుని వాల్వు పావు చుట్టు తెరిచాను. మట్టం గబుక్కున దిగింది. హమ్మయ్య అనుకునేలోపు పైపు గాలి పీల్చడం మొదలుపెట్టింది, పాయసం జుర్రినట్టు చప్పుడు. గాలి పీలిస్తే వాల్వు కాస్త బిగించాలని మనందరికీ అలవాటే కదా. బిగించాను. తిప్పుతుంటే చేతికి ఏదో మెత్తగా తగిలింది. ప్లాస్టిక్ గేటు చివరికి దిగితే గట్టిగా ఆగుతుంది, అలా మెత్తగా ఉండదు. ఆ తేడా చేతికి తెలిసింది, బుర్రకు ఎక్కలేదు. మూడో రోజు వాల్వు విప్పితే మా ఫైర్‌ఫిష్ గేటు కింద సగానికి నలిగి ఉంది. పావు చుట్టు తెరిచినప్పుడు సగం దూరింది, మూసినప్పుడు చచ్చింది. రెండూ నా చేత్తోనే.

కాబట్టి ఈ లక్షణం కనిపిస్తే వాల్వును కొంచెం తెరవడం, కొంచెం మూయడం వద్దు. అసలు ముట్టుకోకపోవడం, లేదంటే ఒకే ఊపున పూర్తిగా తెరవడం. మధ్యలో ఆగారంటే చేప ఇరుక్కుంటుంది, మూశారంటే తెగుతుంది. బాల్ వాల్వైతే ఇంకా ప్రమాదం, దాని బంతి అంచు కత్తిపీటలా పనిచేస్తుంది.

అనుమానం తీర్చుకోవడానికి ఒక గుర్తుంది. సైఫన్ మూసుకుపోతే ఓవర్‌ఫ్లోలో నీళ్లు పెరుగుతాయి, ఆ మేరకు సంపులో రిటర్న్ మోటారు గదిలో నీళ్లు తగ్గుతాయి. ఆటో టాప్-అప్ ఉన్నవాళ్లు దాన్ని ముందు ఆపండి. అది తగ్గిన మట్టం చూసి మంచినీళ్లు నింపేస్తుంది, గుర్తు చెరిగిపోతుంది, ఉప్పు సాంద్రత కూడా పలచబడుతుంది. తెల్ల పైపైతే గది లైట్లు ఆపి వెనక నుంచి గట్టి టార్చి ఆనించి చూడండి, కొన్నిసార్లు నీడ కనిపిస్తుంది. బూడిదరంగు పైపులో ఆ ఆశ లేదు.

పరిష్కారం

మోటారు నడవనివ్వండి. అడ్డం పూర్తిగా పడకపోతే చేప పక్క నుంచి కొన్ని నీళ్లు పారుతూనే ఉంటాయి, దాని ఊపిరి ఆ నీళ్లే. చాలామంది కంగారులో మొదట మోటారు ఆపేస్తారు, ఉన్న ఆ కాస్త ఆధారమూ పోతుంది.

వాల్వు పిడి మీద, పక్కన పైపు మీద మార్కరుతో ఒకే గీత గీయండి. సాక్ శుభ్రమైనది వేయండి. సాక్ లేకపోతే డ్రెయిన్ చివర మెత్తటి వలసంచి కట్టి, దాని అడుగు నీళ్లలో మునిగేలా చూడండి. వంటింటి స్టీలు జల్లెడ పెడితే చేప ఆ వేగంలో వచ్చి దానికి కొట్టుకుంటుంది. స్టాండు దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టండి.

ఇక వాల్వును గడియారం ముల్లుకు ఎదురుగా, చివరిదాకా, ఆపకుండా తిప్పండి. చుట్లు పైకి లెక్కపెట్టండి. ఓవర్‌ఫ్లో నీళ్లన్నీ ఒక్కసారిగా కిందికి దూకుతాయి, భయంకరంగా జుర్రుతుంది, సాక్ అంచుల మీదుగా పొంగుతుంది. చెయ్యి తనంతట తనే మూసే వైపు పోతుంది, పోనివ్వకండి. పదిహేను సెంటీమీటర్ల చదరం, నలభై అయిదు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఓవర్‌ఫ్లోలో పట్టేది పది లీటర్లే. సంపులో అంత చోటు ఉందో లేదో ముందే చూసుకుంటే చాలు. పైపులో చేప ఉంటే మామూలుగా ఈ ఊపుకే సాక్‌లో పడుతుంది.

పడలేదా? ఇప్పుడు మోటారు ఆపండి, హీటరు ప్లగ్ కూడా పీకండి. ఇక నుంచి చేపకు నీళ్ల కదలిక లేదు, త్వరగా కానివ్వాలి. ఓవర్‌ఫ్లోలోని నిలువు పైపు చాలా ట్యాంకుల్లో అంటించకుండా దూర్చి మాత్రమే పెడతారు. దాన్ని మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. అడుగు భాగం పైకి రాగానే అరచెయ్యి కింద మూసిపెట్టండి, లేకపోతే లోపలున్న చేప మళ్లీ గోతిలోకే జారుతుంది. అందులో లేకపోతే స్టాండులో వాల్వు దగ్గర యూనియన్ (చేత్తో విప్పి బిగించే పైపు అతుకు) విప్పండి. కింద బకెట్, బకెట్‌లో ట్యాంకు నీళ్లు. పైనుంచి మగ్గుతో ట్యాంకు నీళ్లే పోస్తూ ఉండండి, ఎల్బోలో ఆగిన చేప జారి వస్తుంది. కుళాయి నీళ్లు పోయకండి. ఇరుక్కుని అలిసిన ఉప్పునీటి చేపకు మంచినీళ్లు ఇంకో దెబ్బ, మన కుళాయిలో క్లోరిన్ అదనం. తీగతో పొడవడం, గొట్టంతో గాలి ఊదడం వద్దు. తీగ పెట్టినవాళ్లకు చేప వచ్చింది, కన్ను రాలేదు.

యాక్సా బ్లేడు చిట్టచివర. ఇన్నేళ్లలో నేను పైపు కోసింది ఒక్కసారి, అదీ యూనియన్ పెట్టకుండా మొత్తం అంటించిన ట్యాంకు. కోయాల్సి వస్తే ట్యాంకు కింద బల్క్‌హెడ్‌కు (ట్యాంకు అడుగు రంధ్రంలో పైపును పట్టే బిగింపు) ఆనించి కోయకండి, తర్వాత కప్లింగ్ పట్టేంత పైపు మిగలాలి. చేప ఎక్కడుందో తెలియకుండా మధ్యలో కోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

లక్షణం: రిటర్న్ గొట్టంలో ఇరుక్కుంది

చాలా అరుదు. కరెంటు పోయినప్పుడు రిటర్న్ పైపు వెనక్కి లాగుతుంది, బాగా చిన్న గోబీ ఏదైనా నాజిల్‌లో దూరుతుంది. కరెంటు రాగానే మళ్లీ బయటికి వచ్చేస్తుంది. రాకపోతే నాజిల్ విప్పి చూడండి. చెక్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) దాకా పోయిన చేపను నేను ఇంతవరకు చూడలేదు.

బయటపడ్డాక

ట్యాంకులోనే వేలాడే ఐసొలేషన్ బాక్సులో (చేపను విడిగా ఉంచే డబ్బా) వేయండి, ఆ రోజుకి ట్యాంకు లైట్లు ఆపేయండి. అదే నీరు కాబట్టి అలవాటు చేయాల్సిన పని లేదు. మొప్పలు వేగంగా కొట్టుకోవడం ఒక పూటలో తగ్గాలి. పొలుసులు రాలినచోట తెల్లగా కనిపిస్తుంది, కంగారుపడి మందులు పోయకండి. రాగి ఉన్న మందు పగడాల ట్యాంకులో పోశారంటే పీతలు, రొయ్యలు, నత్తలు కూడా పోతాయి. మేత మర్నాడు వేయండి. చేప చచ్చి ఉంటే శవాన్ని తప్పకుండా బయటికి తీయండి. ట్యాంకులో చస్తే రొయ్యలు తినేస్తాయి, పైపులో చస్తే వాటికి అందదు, అక్కడే కుళ్లుతుంది.

వాల్వును మళ్లీ గీత దగ్గరికి తిప్పేముందు సాక్‌లో చేప ఉందని కళ్లతో చూసుకోండి. రెండు చేపలు పోయిన ఇంట్లో ఒకటి దొరగ్గానే సంబరంగా వాల్వు మూసిన మిత్రుడున్నాడు నాకు.

ఇక జల్లెడ. సైఫన్ పైపు నోటికి ఒకటి పెట్టండి, నెలకోసారి తీసి కడగండి, నత్తలు వచ్చి దాని మీదే కూర్చుంటాయి. అత్యవసర పైపుకి మాత్రం జల్లెడ గానీ వాల్వు గానీ పెట్టకండి. అదీ మూసుకుపోతే నీళ్లు హాల్లోకి వస్తాయి. ఓవర్‌ఫ్లో దంతాల (నీళ్లు పొర్లే అంచున దువ్వెన పళ్లలా ఉండేవి) మీద ఆరు మిల్లీమీటర్ల కళ్లున్న పారదర్శక మెష్ ముక్క వంచి పెడితే ఫైర్‌ఫిష్ అసలు అటు దూకదు. మా ట్యాంకులో ఆ ముక్క పెట్టింది ఆ గేట్ వాల్వు విప్పిన రోజు సాయంత్రమే.