కొత్త ఇల్లు, తాళం లేని వైఫై

అమెరికాలో దిగిన మొదటి వారం లీజు సంతకాలు, బ్యాంకు అకౌంటు, సోషల్ సెక్యూరిటీ నంబరు అంటూ తిరగడంతోనే సరిపోతుంది. ఇంట్లో ఇంటర్నెట్ ఇంకా రాదు. ఫోన్ తీస్తే తాళం గుర్తు లేని వైఫై ఒకటి కనిపిస్తుంది, ప్రాణం లేచొస్తుంది. వచ్చిన కొత్తలో మేం నలుగురం ఖాళీ ఫ్లాట్‌లో వంటింటి గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లం, సిగ్నల్ అక్కడే అందేదని. అది ఎవరిదో తెలియదు. ఇంటికి డబ్బు పంపే వివరాలు కూడా దాని మీదే టైప్ చేశాం. వద్దని చెప్పేవాళ్లు అప్పుడు మాకు లేరు, అందుకే ఇది రాస్తున్నాను.

పాస్‌వర్డ్ లేని వైఫైలో ఫోన్‌కీ రూటర్‌కీ మధ్య నడిచేదాన్ని వీధిలో పోయేవాళ్లు కూడా పట్టుకోగలరు. ఇది ఊహ కాదు, జరిగింది. గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్లు 2007 నుంచి 2010 దాకా వీధుల ఫొటోలు తీస్తూనే, దారిలో ఉన్న ఇళ్ల తాళం లేని వైఫైలో నడిచే సమాచారాన్నీ రికార్డు చేసుకున్నాయి. జర్మనీలోని హాంబర్గ్ డేటా రక్షణ అధికారులు గట్టిగా అడిగాక, 2010 మేలో కంపెనీ ఒప్పుకుంది. మొదట చిన్న చిన్న తునకలే అన్నారు. ఆ అక్టోబరులో, కొన్ని చోట్ల పూర్తి ఈమెయిళ్లు, పాస్‌వర్డులు కూడా ఉన్నాయని చెప్పారు.

ఇక్కడ చట్టాలు గట్టివి కదా అని ధీమాగా వస్తాం. కానీ 2012లో ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఈ వ్యవహారంలో వేసిన జరిమానా 25,000 డాలర్లు, అదీ విచారణకు అడ్డుపడినందుకు. బాధితులు కేసు వేస్తే, తాళం లేని వైఫై అందరికీ అందేదే కాబట్టి తప్పు లేదని గూగుల్ వాదించింది. 2013లో తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ వాదన చెల్లదంది. మంచి తీర్పే, నాకు చాలా సంతోషం వేసింది. కానీ చివరికి రాజీ కుదిరింది 1.3 కోట్ల డాలర్లకు, బాధితుల అంచనా 6 కోట్ల మంది. లాయర్ల ఫీజులు పోను ఆ డబ్బు ప్రైవసీ కోసం పనిచేసే సంస్థలకు వెళ్లింది. పేరు ఇచ్చి కేసు వేసిన కొద్దిమందికి తప్ప మామూలు జనానికి ఒక్క డాలరూ రాలేదు.

ఇప్పుడు చాలా సైట్లు హెచ్‌టీటీపీఎస్‌లోకి, అంటే సమాచారాన్ని గుప్తంగా పంపే పద్ధతిలోకి, మారాయి కాబట్టి ఆనాటంత ప్రమాదం లేదు. అయినా తెలియని వైఫై మీద బ్యాంకు పని పెట్టుకోకండి, ఫోన్ డేటా వాడండి. ఎయిర్‌పోర్టులో, కాఫీ షాపులో లాగిన్ పేజీ ఈమెయిలు, ఫోన్ నంబరు అడుగుతుంది. ‘అంగీకరిస్తున్నాను’ నొక్కితే ఆ వివరాలు వాళ్ల దగ్గర ఉండిపోతాయి. పని అయ్యాక ఆ నెట్‌వర్క్‌ను ఫోన్‌లోంచి తీసేయండి, లేకపోతే మళ్లీ అటు వెళ్లినప్పుడు దానంతటదే కలుస్తుంది.

సొంత కనెక్షన్ వచ్చిన రోజున రూటర్‌ను తిప్పి చూడండి. అడుగున స్టిక్కర్ మీద నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. రెండూ మార్చండి. పేరులో ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు వద్దు. సెట్టింగుల్లో వైఫైకి తాళం వేసే పద్ధతిగా డబ్ల్యూపీఏ2 గానీ, డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. వచ్చేపోయే స్నేహితులకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఇవ్వండి. రూమ్మేట్ ఖాళీ చేసి వెళ్లిన రోజే, ఎంత దగ్గరివాడైనా సరే, పాస్‌వర్డ్ మార్చండి.