జనసాంద్రత పటం గీయడం ఎలా?

మానవ భూగోళశాస్త్రం మొదలుపెట్టిన విద్యార్థి చేత మొట్టమొదట గీయించే పటం సాధారణంగా జనసాంద్రత పటమే, అంటే చదరపు కిలోమీటరుకు ఎంతమంది ఉన్నారో రంగు వన్నెలతో చూపే పటం. ఎక్కడ ఎంతమంది ఉన్నారు, అక్కడే ఎందుకు ఉన్నారు అనే రెండు ప్రశ్నల నుంచే ఈ శాస్త్రంలో చాలా సంగతులు పుట్టుకొస్తాయి కనుక అది సబబే. అయితే విశాఖపట్నంలో ఏళ్ల తరబడి ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతూ వస్తున్న నాకు పరీక్షల ముందు చేతికొచ్చే కట్టలో సగానికి పైగా పటాలు ఒకే విధంగా చెడిపోయి కనిపిస్తాయి. రంగు చక్కగా పూసి ఉంటుంది, గీతలు తిన్నగా ఉంటాయి, పటం మాత్రం అబద్ధం చెబుతూ ఉంటుంది. ఆ అబద్ధం ఎక్కడ దొర్లుతుందో తెలియడానికి 2011 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాల జనసాంద్రత పటాన్ని ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి దాకా గీద్దాం.

కావలసినవి కొద్దిపాటివే: ఒక ట్రేసింగ్ కాగితం, ఒక దళసరి ఏ4 తెల్ల కాగితం, ఒక గ్రాఫు కాగితం, హెచ్‌బి పెన్సిలు, ఒకే ఒక్క రంగు పెన్సిలు, సన్న మొన గల నల్ల ఇంకు పెన్ను, కొలబద్ద, కాల్క్యులేటర్. జగదాంబ కూడలి చుట్టుపక్కల ఏ స్టేషనరీ దుకాణంలోనైనా ఇవి దొరుకుతాయి. రంగు పెన్సిలు గోధుమ రంగుదై ఉండాలి. నీలం వద్దు, ఎందుకంటే మన పటంలో కుడివైపంతా బంగాళాఖాతమే. స్కెచ్ పెన్నులు, నీటి రంగులు ఇంట్లోనే వదిలి రండి.

మొదట ఆధార పటం. అట్లాసు మీద ట్రేసింగ్ కాగితం పరచి, సముద్రపు గాలి తేమకు అంచులు చుట్టుకుపోకుండా నాలుగు మూలలా టేపు అంటించి, రాష్ట్ర సరిహద్దును, ఆ తరువాత జిల్లాల సరిహద్దులను పెన్సిలుతో దించుకోవాలి. 1 సెంటీమీటరుకు 50 కిలోమీటర్ల స్కేలు తీసుకుంటే రాష్ట్రం ఏ4 కాగితంలో సూచికకు, అంటే ఏ వన్నె ఏ అంకెలకో చెప్పే పెట్టెలకు, చోటు మిగిల్చి ఇముడుతుంది. స్కేలును 1:50,00,000 అని అంకెల్లో రాసి ఊరుకోవద్దు, గీతగా గీయాలి. జిరాక్సులో పటం పెద్దదైనప్పుడు గీత కూడా దానితోపాటు పెరుగుతుంది, అంకె మాత్రం పాత నిష్పత్తినే చెబుతూ ఉండిపోతుంది. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఇలాగే పెద్దది చేయించిన జిరాక్సు మీద దూరాలు కొలిచి, విశాఖ నుంచి విజయవాడకు ఉన్న దూరాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు చేసి రాసి ఇచ్చాను.

ఇక్కడే ఒక జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి కనుక ఆ తరువాత అచ్చయిన అవుట్‌లైన్ పటాల్లో 13 జిల్లాల గీతలు ఉండవు. మన దగ్గరున్న పూర్తి జనాభా లెక్కలేమో 2011 నాటివి. 2021లో జరగవలసిన లెక్కింపు వాయిదా పడి 2027కు వెళ్లింది. కొత్త గీతల్లో పాత అంకెలు నింపినవాళ్లు అనకాపల్లికి, విశాఖపట్నానికి ఒకే అంకె వేసి, రెండింటికీ ఒకే రంగు పూసి తీసుకొస్తారు. గీత ఏ సంవత్సరానిదైతే అంకె కూడా ఆ సంవత్సరానిదే కావాలి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఉభయ గోదావరి జిల్లాలకు వచ్చాయి కనుక, 2011 అంకెలకు ఆ మార్పుకు ముందరి అట్లాసునే వాడాలి.

తరువాత అంకెలు. జనాభాను విస్తీర్ణంతో భాగించకుండా నేరుగా పటంలోకి ఎక్కించడం ఘోరమైన తప్పు. 2011లో అనంతపురం జిల్లా జనాభా 40,81,148, పశ్చిమ గోదావరి జిల్లా జనాభా 39,36,966. మొత్తం జనాభాకు రంగు పూస్తే అనంతపురం ఒక వన్నె ముదురుగా కనిపిస్తుంది, పైగా పటంలో అన్నిటికంటే పెద్ద జిల్లా కావడం వల్ల చూసేవారి కన్ను దానిమీదే పడుతుంది. కానీ అనంతపురం విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, పశ్చిమ గోదావరిది 7,742. భాగించి చూస్తే చదరపు కిలోమీటరుకు అనంతపురంలో 213 మంది, పశ్చిమ గోదావరిలో 509 మంది. మొత్తాలను చూపించాలనే కోరిక ఉంటే, ఒక్కో చుక్కకు ఇంతమంది అని చుక్కలు పెట్టే చుక్కల పటం గీసుకోవాలి. వైశాల్యమంతా రంగుతో నిండే పటంలోకి నిష్పత్తులే రావాలి.

పదమూడింటినీ భాగించి, పూర్ణాంకాలకు సవరించి, చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాసుకుంటే ఇలా వస్తుంది: కడప 188, ప్రకాశం 193, అనంతపురం 213, నెల్లూరు 227, కర్నూలు 230, చిత్తూరు 275, విజయనగరం 359, విశాఖపట్నం 384, గుంటూరు 429, శ్రీకాకుళం 463, తూర్పు గోదావరి 477, పశ్చిమ గోదావరి 509, కృష్ణా 518.

ఇక అసలు చిక్కు, తరగతులు విడగొట్టడం. పటం నిలిచేదీ చెడేదీ ఈ మెట్టు దగ్గరే, ఇక్కడే అందరూ తొందరపడతారు. పదమూడు అంకెలకు పదమూడు వన్నెలు వేస్తే కన్ను పోల్చుకోలేదు కనుక వాటిని కొన్ని తరగతులుగా కట్టాలి. ఎన్ని తరగతులు, ఎక్కడ కోత అనేది నిర్ణయించేది గీసేవారే కనుక, ఒకే లెక్కల నుంచి పూర్తిగా వేర్వేరు కథలు చెప్పే పటాలు పుట్టగలవు.

విద్యార్థులు కళ్లు మూసుకుని చేసే పని వందల దగ్గర కోయడం: 200లోపు, 200 నుంచి 300, 300 నుంచి 400, 400 నుంచి 500, ఆపైన. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు ఫలితం చూడండి. 477 ఉన్న తూర్పు గోదావరి ఒక రంగులోకి, 509 ఉన్న పశ్చిమ గోదావరి మరో రంగులోకి వెళ్లిపోయాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఒకే నదీజలాలతో పండుతూ, ఒకే కారణంగా జనం కిక్కిరిసిన డెల్టా ప్రాంతాన్ని మీ పటం గోదావరి పొడవునా రెండుగా చీల్చేసింది. అటు 193 ఉన్న ప్రకాశానికి, 213 ఉన్న అనంతపురానికి మధ్య కూడా లేని గోడ లేచింది. పైగా 300 అనే అంకె రెండు తరగతుల్లోనూ ఉంది. సరిగ్గా 300 వచ్చిన జిల్లాను ఎక్కడ వేస్తారు?

కొంచెం తెలిసినవారు ప్రతి తరగతిలోనూ ఇంచుమించు సమానంగా జిల్లాలు వచ్చేటట్టు పంచుతారు. నాలుగు తరగతులకు మూడు, మూడు, మూడు, నాలుగు చొప్పున పంచితే 213 ఉన్న అనంతపురం మొదటి తరగతిలో, 227 ఉన్న నెల్లూరు రెండో తరగతిలో పడతాయి. తేడా 14 మాత్రమే, అయినా రంగు మారిపోయింది. అదే నెల్లూరు తనకంటే 48 ఎక్కువ ఉన్న చిత్తూరుతో ఒకే రంగు పంచుకుంటుంది. కొందరు అధ్యాపకులు ఈ పద్ధతినే నేర్పుతారని నాకు తెలుసు. పటం నిండా రంగులు సమంగా పరుచుకుని అందంగా కనిపించడమే దీనికున్న ఏకైక గుణం.

సరైన పద్ధతి ఇది. గ్రాఫు కాగితం మీద 17 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, ఎడమ కొసను 180గా, కుడి కొసను 520గా గుర్తించాలి. అప్పుడు ఒక్కో మిల్లీమీటరుకు 2 చొప్పున వస్తుంది. ఒక్కో జిల్లా అంకె ఎక్కడ పడుతుందో అక్కడ ఒక చుక్క పెట్టి, దానిపైన నిలువుగా జిల్లా పేరు రాయాలి. పదమూడు చుక్కలూ పెట్టాక కాగితాన్ని చేయి చాచినంత దూరాన పట్టుకుని చూడండి. ఎడమ కొసన ఐదు చుక్కలు ఇంచుమించు 2 సెంటీమీటర్లలోనే గుంపుగా ఉంటాయి. తరువాత 2 సెంటీమీటర్లకు పైగా ఖాళీ, ఆ ఖాళీ చివర ఒంటరిగా చిత్తూరు. ఆపైన 4 సెంటీమీటర్లు దాటిన పెద్ద ఖాళీ, పటానికంతటికీ ముఖ్యమైన ఖాళీ అదే. దాని తరువాత విజయనగరం, విశాఖపట్నం జంటగా, మళ్లీ 2 సెంటీమీటర్లకు పైగా ఖాళీ, చివరికి గుంటూరు నుంచి కృష్ణా దాకా ఐదు చుక్కల బారు.

కోతలు ఆ ఖాళీల్లోనే పడాలి, చుక్కల గుంపు మధ్యన పడకూడదు. అన్నిటికంటే పెద్ద ఖాళీలు మూడు కనుక కోతలు మూడు, తరగతులు నాలుగు. కోత ఖాళీలో ఎక్కడ పడినా జిల్లాల పంపకం మారదు కాబట్టి, చదివేవారి సౌకర్యం కోసం ఆ ఖాళీలోపల సున్నాలతో ముగిసే అంకెను ఎంచుకోవచ్చు: 230కి, 275కి మధ్య 250, 275కి, 359కి మధ్య 300, 384కి, 429కి మధ్య 400. అలా తరగతులు 250 కంటే తక్కువ, 250–299, 300–399, 400 ఆపైన అని తేలుతాయి. పైకి వందల కోతలాగే కనిపిస్తుంది కానీ ఇక్కడ ప్రతి కోతకూ గ్రాఫు కాగితం మీద సాక్ష్యం ఉంది. చిత్తూరు ఒక్కటే ఒక తరగతిగా మిగిలిందని కంగారుపడి దానిని పక్క తరగతిలోకి నెట్టేవారు ఉంటారు. నెట్టకండి, అది నిజంగానే ఒంటరి. తరగతులు ఐదు దాటితే నేను పటాన్ని వెనక్కి ఇచ్చేస్తాను.

కంప్యూటరులో ఈ పనంతా ఒక్క మీట నొక్కితే అయిపోతుంది కదా అని అడుగుతారు. అవుతుంది. సహజ విరామాల పద్ధతి పేరుతో సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇంచుమించు ఇదే. కానీ మీట నొక్కినవారికి 275కి, 359కి మధ్య ఉన్న ఖాళీ కనిపించదు, ఆ ఖాళీ ఎందుకుందనే ప్రశ్న రాదు. చేత్తో చుక్కలు పెట్టినవారు ఆగి చూస్తారు: ఎడమ గుంపులో ఉన్నవన్నీ వాన తక్కువ పడే రాయలసీమ జిల్లాలు, వాటిని ఆనుకుని ఉన్న ప్రకాశం, నెల్లూరు, కుడి బారులో ఉన్నవి కాలువలు పారే డెల్టా జిల్లాలు, వాటితో శ్రీకాకుళం. మొదటి ఒక్క పటమైనా చేత్తోనే గీయాలనే నా పట్టుదలకు ఇదే కారణం.

రంగు వేసే ముందు మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. సాంద్రత ఒక సగటు. అది జిల్లా అంతటా జనాన్ని సమంగా పరిచేస్తుంది. 2011లో విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589, విస్తీర్ణం 11,161 చదరపు కిలోమీటర్లు, సాంద్రత 384. ఆర్కే బీచ్ రోడ్డు మీద సాయంత్రం నిలబడినవారికీ, పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కి అవతలి లోయలోకి చూసినవారికీ ఆ 384 కనిపించదు. 2022లో గీతలు మారాక అదే 2011 జనాభాతో లెక్క చూస్తే విశాఖపట్నం జిల్లాలో 1,048 చదరపు కిలోమీటర్లకు సుమారు 19.6 లక్షల మంది, అంటే చదరపు కిలోమీటరుకు దాదాపు 1,870 మంది. అనకాపల్లిలో 4,292 చదరపు కిలోమీటర్లకు సుమారు 17.3 లక్షలు, అంటే 402. విడిపోయిన రోజున అల్లూరి సీతారామరాజు జిల్లాలో 12,251 చదరపు కిలోమీటర్లకు సుమారు 9.5 లక్షలు, అంటే 78. రంపచోడవరం వైపు మండలాలు కూడా అల్లూరి జిల్లాలో కలిశాయి కనుక మూడింటినీ కూడితే పాత జిల్లా రాదు. ఇప్పుడు మన తరగతులతో పోల్చండి. పాత విశాఖ జిల్లా మూడో వన్నెలో పడింది. దాని స్థానంలో వచ్చిన మూడు జిల్లాల్లో రెండు అన్నిటికంటే ముదురు వన్నెలోకి, ఒకటి అన్నిటికంటే లేత వన్నెలోకి పోతాయి, మూడో వన్నెకు ఒక్కటీ మిగలదు. ఎవరూ ఇల్లు మారలేదు, గీత మాత్రమే మారింది. అందుకే పటం కింద ‘జిల్లా సగటులు మాత్రమే, జిల్లా లోపలి తేడాలు చూపలేదు’ అని ఒక వరుస తప్పక రాయాలి.

రంగు వేయడం తేలిక. పెన్సిలును పక్కకు వాల్చి, ఒకే దిశలో, ఒత్తిడి మార్చకుండా ముందు పదమూడు జిల్లాలకూ ఒక పూత వేయాలి. 250 కంటే తక్కువ ఉన్న ఐదింటినీ అక్కడితో వదిలేసి మిగిలిన ఎనిమిదింటికి రెండో పూత, చిత్తూరును వదిలేసి ఏడింటికి మూడో పూత, విజయనగరాన్నీ విశాఖపట్నాన్నీ వదిలేసి ఐదింటికి నాలుగో పూత వేస్తే వన్నెలు వాటంతటవే మెట్లు మెట్లుగా ముదురుతాయి. ఒత్తిడి పెంచి ముదురు తేవాలని చూస్తే కాగితం మెరుస్తుంది, ఏ రెండు జిల్లాలూ ఒకేలా రావు. తెలుపు రంగును తక్కువ సాంద్రతకు వాడకూడదు. అది వివరాలు లేని ప్రాంతానికి గుర్తు. ఎరుపు, పచ్చ, పసుపు కలిపి వాడే అలవాటును ఇక్కడితో మానండి: ఏది ఎక్కువో ఏది తక్కువో ఆ రంగుల్లో వరుస ఉండదు, చూసేవారు ప్రతిసారీ సూచిక వైపు తల తిప్పవలసి వస్తుంది.

సూచిక పెట్టెలకు కూడా అదే పెన్సిలుతో అన్నే పూతలు వేయాలి. శీర్షికలో ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అనే మూడూ ఉండాలి: ‘ఆంధ్రప్రదేశ్ జనసాంద్రత, జిల్లాల వారీగా, 2011’. ఉత్తర దిక్కు బాణం, స్కేలు గీత, అంకెలు జనాభా లెక్కల నుంచి తీసుకున్నవన్న మాట కింద ఒక మూలకు చేరాలి. జిల్లాల గీతలకు ఇంకు అన్నిటికంటే చివర పట్టాలి, అదీ సన్నగా. ఇంకు ఆరాక పెన్సిలు గుర్తులు చెరిపి, చుక్కలు పెట్టిన గ్రాఫు కాగితాన్ని కూడా ఎదుటి పేజీలో అంటించండి. దిద్దేటప్పుడు నేను ముందు చూసేది దానినే.