మున్సిపాలిటీ తన కర్బన ఉద్గారాలను ఎలా తగ్గించుకోవాలి?

వాతావరణ మార్పు మాట వస్తే మున్సిపాలిటీలకు ముందుగా తోచేది మొక్కలు నాటడం. మొక్కలు కావాలి, వరంగల్ ఎండలు చూసినవారికి నీడ విలువ వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఎన్ని మొక్కలు నాటినా పంపుహౌస్ కరెంటు తగ్గదు, చెత్త ట్రాక్టరు డీజిల్ తగ్గదు. మోటార్లు, వీధిదీపాలు, బండ్లు, డంపింగ్ యార్డు పూర్తిగా స్థానిక సంస్థ చేతిలోనే ఉన్నాయి. ముందు చక్కదిద్దాల్సింది వాటినే. గ్రేటర్ వరంగల్‌కైనా, పరకాల, నర్సంపేట లాంటి పట్టణాలకైనా, చిన్న గ్రామ పంచాయతీకైనా చేయాల్సిన పనులు దాదాపు ఇవే.

1. ఏడాది బిల్లులు ముందేసుకోండి

పన్నెండు నెలల కరెంటు బిల్లులు, డీజిల్ లాగ్‌బుక్కులు తీసి సర్వీసు నంబరు వారీగా, బండి వారీగా రాయండి. కరెంటు యూనిట్లను 0.7తో గుణిస్తే వెలువడిన కార్బన్ డయాక్సైడ్ సుమారుగా కిలోల్లో వస్తుంది. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుతోనే తయారవుతోంది కనుక లెక్క అంత ఉంటుంది. రామగుండంలో, భూపాలపల్లి దగ్గరి చెల్పూరులో మండే బొగ్గే మన వీధిదీపంలో వెలుగుతోంది. డీజిల్ అయితే లీటరుకు దాదాపు 2.7 కిలోలు.

ఈ పట్టిక రాస్తున్నప్పుడే చాలా బయటపడతాయి. ఎండిపోయిన బోరు పేరున ఇంకా కడుతున్న బిల్లు, తిరగని మీటరు, ఎవరిదో తెలియని కనెక్షను. తిరగని మీటర్లను ముందు మార్పించండి. కొలత లేనిచోట తగ్గిందని ఎవరూ నిరూపించలేరు.

2. పంపుహౌస్‌లో గంటసేపు నిలబడండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టమని నా సలహా. వరంగల్‌కు తాగునీరిచ్చే ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల నీరు ఇంటి కుళాయికి చేరాలంటే మోటార్లు నడవాల్సిందే. చిన్న పట్టణాల్లోనూ అంతే.

వెయ్యి లీటర్ల నీటిని 100 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి, నష్టమేమీ లేకపోతే, 0.27 యూనిట్ల కరెంటు చాలు. దీని ఆధారంగా మీ పంపును పరీక్షించండి. గంట మొదట్లో మీటరు రీడింగు, ట్యాంకులో నీటి మట్టం రాసుకోండి. ట్యాంకు నుంచి నీరు బయటికి వదలకుండా గంటసేపు పంపు నడిపి మళ్లీ రాయండి. పైపుల్లో రాపిడితో కలిపి ఎత్తు 40 మీటర్లు, ఎక్కిన నీరు లక్ష లీటర్లు అనుకుందాం. నష్టాలు లేకపోతే 11 యూనిట్లు కావాలి. మంచి పంపు సెట్టు 16, 17 తీసుకుంటుంది. మీటరు 30 చూపిస్తే కొన్న కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులు వృథా అవుతున్నట్టే.

కారణాలు వెతకడం కష్టం కాదు. పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రం, అంటే ఇంపెల్లర్, అరిగి ఉంటుంది. మోటారును పదేపదే రీవైండింగ్ చేయించి ఉంటారు. నీటిని పీల్చే పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ జాలీకి నాచు పట్టి ఉంటుంది. అవసరానికి మించిన పెద్ద పంపు పెట్టి, గేట్ వాల్వును సగం మూసి నడుపుతుంటారు. జాలీ శుభ్రం చేయడం, కెపాసిటర్ సరిచూడడం వంటి చవకైన పనులు ముందు చేయండి. తర్వాతే కొత్త పంపు, అదీ కొలిచిన ఎత్తుకు, కొలిచిన నీటికి సరిపోయేది. పాతదాని హార్స్‌పవర్ చూసి అంతే పెద్దది మళ్లీ కొనడం మానుకోవాలి. పైపు లీకేజీలు కూడా ఈ ఖాతాలోవే. రోడ్డు మీద పారిపోయే ప్రతి లీటరునూ కరెంటు ఖర్చుపెట్టి ఎక్కించాం.

ఈ కొలతల్లో పంపు ఆపరేటర్‌ను కలుపుకోండి. ఏ మోటారు వేడెక్కుతుందో, ఏ వాల్వు పట్టేస్తుందో ఇంజినీరు కంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

3. పగటి దీపాలు ఆర్పండి

ఎల్‌ఈడీలు చాలా ఊళ్లలో ఇప్పటికే వచ్చాయి. మిగిలిన సమస్య పగలూ వెలిగే దీపాలు. ఇళ్లకు వెళ్లే తీగకే వీధిదీపాన్ని కలిపితే కరెంటు ఉన్నంతసేపూ వెలుగుతుంది. దానికి వేరే తీగ, మన వాడుకలో మూడో తీగ, లాగి స్విచ్చు, టైమరు, మీటరు పెట్టాలి. 20 వాట్ల దీపాలు 500 పగలు 12 గంటలు వెలిగితే రోజుకు 120 యూనిట్లు, అంటే దాదాపు 84 కిలోల కార్బన్ డయాక్సైడ్. చీకటి పడే వేళ రుతువును బట్టి మారుతుంది కనుక టైమరును కూడా మారుస్తూ ఉండాలి.

4. తడి చెత్తను గుట్టకు చేరనివ్వకండి

డంపింగ్ యార్డులో గాలి అందక కుళ్లిన తడి చెత్త మీథేన్ వదులుతుంది. వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది, ఇరవై ఏళ్ల లెక్కలో దాదాపు 80 రెట్లు. వరంగల్ డంపింగ్ యార్డు ఉన్న మడికొండ పక్క ఊళ్లవారికి చెత్త గుట్ట కంపు తెలుసు, కానీ మీథేన్‌కు వాసన ఉండదు.

ఇంటింటా వేరుచేయించడానికి సమయం పడుతుంది. ఈలోగా ఇప్పటికే విడిగా దొరికేదానితో మొదలుపెట్టండి: కూరగాయల మార్కెట్ల వ్యర్థాలు, హోటళ్లలో మిగిలిన అన్నం, సద్దుల బతుకమ్మ మర్నాడు చెరువు గట్ల దగ్గర పోగయ్యే తంగేడు, గునుగు పూలు. వీటిని ఎండుటాకులతో కలిపి వార్డు స్థాయిలోనే కంపోస్టు చేయవచ్చు. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే ఇంకా ఎండుటాకులు కలపాలి. వారానికోసారి తిరగేయాలి, లేకపోతే కంపోస్టు గుంత నుంచి కూడా మీథేన్ వస్తుంది. ఊడ్చిన ఆకులు ఇందుకు పనికొస్తాయి కనుక రోడ్డు పక్కన తగలబెట్టడం కూడా ఆగుతుంది.

5. బండ్లు, కార్యాలయాలు

చెత్త బండ్ల రూట్లు మళ్లీ గీయండి, ఒకే వీధికి రెండు బండ్లు తిరగకుండా చూడండి. కొత్తగా కొనేటప్పుడు ఎలక్ట్రిక్ ఆటోలు చూడండి, రోజూ తిరిగే దూరం తక్కువ కనుక సరిపోతాయి. కార్యాలయంలో 75 వాట్ల పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్లవి వస్తున్నాయి. ఏసీల్లో గ్యాస్ లీకైతే సరిచేయకుండా మళ్లీ నింపించవద్దు, ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక్క కిలో పోతే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. వాడకం తగ్గించాకే సోలార్ ఫలకాలు పెట్టించండి. కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. ట్యాంకులు నింపే పనిని పగటి వేళకు మార్చుకుంటే ఆ కరెంటు అక్కడికక్కడే ఖర్చవుతుంది.

6. తీర్మానం, నోటీసు బోర్డు

పచ్చదనానికి తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో 10 శాతం హరిత బడ్జెట్ ఉంది. పంపులు, మీటర్ల మరమ్మతుకు కూడా డబ్బు విడిగా ఉంచేలా పాలకవర్గం తీర్మానించాలి. తగ్గిన బిల్లు డబ్బు మళ్లీ అదే పద్దులో చేరాలి. కాంట్రాక్టరుకు చెల్లింపు మీటరు రీడింగును బట్టే ఉండాలి.

ప్రతి నెలా సర్వీసు వారీగా యూనిట్లు కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టండి. ఊరు పెరిగే కొద్దీ మొత్తం యూనిట్లు పెరగవచ్చు. అందుకే వాటి పక్కనే వెయ్యి లీటర్ల నీటికి ఎన్ని యూనిట్లు, టన్ను చెత్తకు ఎన్ని లీటర్ల డీజిల్ పడ్డాయో కూడా రాయండి. వచ్చే ఏడాది అదే నెలలో అదే పంపు దగ్గర గంట పరీక్ష మళ్లీ చేసి, ఆ అంకెను పాత అంకె పక్కన వేయండి.