పిల్లల పోషణకు ఎంత అడగాలి? లెక్క ఎలా వేసుకోవాలి?

"జీతంలో పావు వంతు ఇప్పిస్తారట కదా?" అమ్మానాన్నలు విడిపోయాక పిల్లల మెయింటెనెన్స్, అంటే పోషణ ఖర్చు అనగానే చాలామంది అడిగేది ఇదే. ఆ 25 శాతం మాట సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో భార్య భరణం గురించి అన్నది. పిల్లల ఖర్చుకు ఇంత శాతం అని మన చట్టంలో లేదు. అందుకే లెక్క జీతం దగ్గర కాకుండా బిడ్డ దగ్గర మొదలుపెట్టండి.

మలక్‌పేటలో అమ్మ దగ్గర ఉంటూ మూడో తరగతి చదివే పాప అనుకుందాం. ఏడాదికి స్కూలు ఫీజు 96,000, బస్సుకు 24,000, జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం, బూట్లకు 18,000. మొత్తం 1,38,000ను 12తో భాగిస్తే నెలకు 11,500. తిండి, పాలు, మందులు, బట్టలకు 6,500, ఇంటి అద్దెలో పాప వాటా 3,000 కలిపితే 21,000. జూన్ ఖర్చు రాయడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. రసీదులు ఇచ్చిన రోజే ఫొటో తీసుకోండి, మిషన్‌లోంచి వచ్చే చీటీలు కొన్నాళ్లకే తెల్లకాగితాలైపోతాయి.

ఇప్పుడు ఆదాయం. మాదాపూర్‌లో పనిచేసే నాన్న జీతం 1,05,000. ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్, 200 రూపాయల ప్రొఫెషనల్ ట్యాక్స్ లాంటి తప్పనిసరి కోతలు 15,000 తీసేస్తే 90,000. "కారు లోన్‌కు 18,000 పోతుంది, నాకు మిగిలేది 72,000" అంటాడాయన. సొంతంగా పెట్టుకున్న ఈఎంఐలను కోర్టులు మామూలుగా ఆదాయంలోంచి తీసేయవు. గొడవంతా నిజానికి ఇక్కడే!

అమ్మ టీచరు, చేతికి 30,000 వస్తాయి. ఆమె సంపాదిస్తే నాన్న బాధ్యత పోదు, ఖర్చు పంచుకుంటారంతే. 2000లో సుప్రీంకోర్టు ఒక కేసులో, తండ్రి జీతం తల్లి జీతానికి దాదాపు రెట్టింపు కాబట్టి, ఒక్కో బిడ్డకు 3,000 చొప్పున 2:1 నిష్పత్తిలో భరించమంది. మన లెక్కలో 90,000, 30,000 కాబట్టి అది 3:1. అంటే 21,000లో నాన్న వాటా 15,750, అమ్మది 5,250. అడగాల్సింది 15,750 అన్నమాట. జడ్జి దీన్ని తగ్గించవచ్చు, పెంచవచ్చు.

పిటిషన్ వేయడానికి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు పురానీ హవేలీలో ఉంది. పోషణ ఖర్చు అడిగే పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ 2024 జులై నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది. 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తి, అప్పు, ఆదాయం చెబుతూ అఫిడవిట్ ఇవ్వాలి. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయండి. లాయరు ఖర్చు భారమైతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

డబ్బు పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది కాబట్టి "చూద్దాంలే" అని నెలలు గడపకండి. తర్వాత ఫీజులు పెరిగినా, జీతాలు మారినా కోర్టు చెప్పిన ఆ మొత్తాన్ని మార్చమని అడగవచ్చు. నాన్న ఏదైనా నెల ఎగ్గొడితే, బకాయి వసూలుకు ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. ఇచ్చేవాళ్లూ చేతికి ఇవ్వకుండా బ్యాంకులోనే వేయండి, "ఇచ్చాను", "ఇవ్వలేదు" అనే తగాదా ఉండదు.