జీర్ణక్రియ స్వయంబోధిని – పాఠం 4: వేగస్ నాడి, జి-కణం, డి-కణం

ఆమ్లం చేసే పెరైటల్ కణాన్ని గత పాఠంలో చూశాం. దానికి ఆజ్ఞలు ఎక్కణ్నుంచి వస్తాయో ఈసారి బొమ్మ గీసి తెలుసుకుందాం. నాడికి నీలం పెన్ను, హార్మోనుకు ఎరుపు పెన్ను తీసుకోండి.

కాగితం పైభాగాన మెడుల్లా (మెదడు అడుగుభాగం), కింద జీర్ణాశయం గీయండి. జీర్ణాశయం పై భాగంలో పెరైటల్ కణం, దాని పక్కనే హిస్టమిన్ ఇచ్చే ఇ.సి.ఎల్. కణం పెట్టండి. చిన్నపేగుకు దగ్గరగా ఉండే ఆంట్రమ్‌లో గ్యాస్ట్రిన్ అనే హార్మోను చేసే జి-కణం, దాన్ని అణచే సొమాటోస్టాటిన్ చేసే డి-కణం రావాలి.

ఇప్పుడు నీలం. పోపు వాసన తగిలితే చాలు, ముద్ద నోట్లో పడకముందే మెడుల్లా నుంచి దిగే వేగస్ నాడి పని మొదలుపెడుతుంది. అది నేరుగా కణాల దాకా రాదు. జీర్ణాశయం గోడలోని నాడీకణాలకు కబురందించి ఆగుతుంది. అక్కణ్నుంచి మూడు గీతలు, ఒక్కోదాని మీద ఆ నాడీకణం వదిలే రసాయనం పేరు. పెరైటల్ కణానికి ఎసిటైల్‌కోలిన్, ప్లస్ గుర్తు (అంటే ఉసిగొల్పడం). డి-కణానికీ ఎసిటైల్‌కోలినే, కానీ మైనస్ (అంటే ఆపడం). జి-కణానికి మాత్రం జి.ఆర్.పి. అనే పెప్టైడ్, ప్లస్. ఈ తేడా గట్టిగా గుర్తుంచుకోండి, లెక్కలన్నీ దీని మీదే.

ఎరుపు గీత దగ్గర చాలామంది తప్పు చేస్తారు. జి-కణం నుంచి పెరైటల్ కణానికి అడ్డదారిలో గీసేస్తారు. గ్యాస్ట్రిన్ రక్తంలో కలిసి, ఒంట్లో ఓ చుట్టు తిరిగొచ్చి ఇ.సి.ఎల్. కణాన్ని తడుతుంది. ఆమ్లం ఊరేది ఎక్కువగా ఆ హిస్టమిన్ వల్లే. పెరైటల్ కణం మీద గ్యాస్ట్రిన్ సొంత ప్రభావం తక్కువ. డి-కణం, జి-కణం ఇరుగుపొరుగువి కాబట్టి వాటి మధ్య చిన్న మైనస్ గీత సరిపోతుంది. జీర్ణాశయంలో పీహెచ్ 3 కన్నా దిగిందంటే, అంటే ఆమ్లం బాగా పెరిగితే, డి-కణం చురుకై గ్యాస్ట్రిన్‌ను అణచేస్తుంది.

లెక్క 1: ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే అట్రోపిన్ మందు ఇచ్చారు. ఎసిటైల్‌కోలిన్ గీతలు రెండూ కొట్టేయండి. ఆమ్లం తగ్గుతుంది, కానీ జి.ఆర్.పి. గీత మిగిలింది కనుక గ్యాస్ట్రిన్ ఆగదు.

లెక్క 2: పెరైటల్ కణంలో ఆమ్లాన్ని ఆపే ఒమెప్రజోల్ మాత్ర వాడుతున్నారు. ఆమ్లం బాగా తగ్గింది, డి-కణం నిద్రపోయింది, గ్యాస్ట్రిన్ పెరిగింది. గ్యాస్ట్రిన్ రక్తపరీక్షలో అంకె ఎక్కువ రావడానికి తరచూ కారణం ఇదే, గ్యాస్ట్రిన్ చేసే కణితి కాదు. అందుకే పరీక్షకు ముందే మాత్ర సంగతి డాక్టరుకు చెప్పాలి. సొంతంగా ఆపడం మాత్రం ప్రమాదం. నిజంగా కణితే ఉంటే పుండు ముదిరి రక్తస్రావం కావచ్చు.

లెక్క 3 మీకు: వేగస్‌ను కోసే శస్త్రచికిత్స తర్వాత పరగడుపు గ్యాస్ట్రిన్ తగ్గదు, పెరుగుతుంది. ఏ గీత వల్ల? జవాబు పాఠం 5లో.