పాత స్టీరియోకి టీవీ సౌండ్ కలిపే ముందు వాల్యూమ్ సున్నాకి తిప్పండి

పోయిన ఆదివారం రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నాన్న స్పీకర్ బాక్సుల్లో ఏదో పోయింది. మాటలన్నీ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తున్నాయి" అన్నాడు. వెళ్లి ముందున్న గుడ్డ జాలీ ఊడదీసి చూశాను. పైకి ట్వీటర్లు (కీచు శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) రెండూ నిక్షేపంగా ఉన్నాయి. మల్టీమీటర్ పెడితే రెండింట్లోనూ కాయిల్ తెగిపోయినట్టు చూపించింది. బాబాయి ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకున్న బాక్సులవి.

వాడు వైర్లు తప్పు కలపలేదు. నా బాధంతా అదే. టీవీ ఆప్టికల్ (డిజిటల్ సౌండ్‌ని వెలుగుగా పంపే సాకెట్) నుంచి, దాన్ని మామూలు సిగ్నల్‌గా మార్చే చిన్న కన్వర్టర్‌కి, దాన్నుంచి ఎరుపు తెలుపు పిన్నులతో రిసీవర్ (యాంప్ లోపలే ఉన్న స్టీరియో పెట్టె) ఆక్స్‌కి, అంటే బయటి సౌండ్ తీసుకునే సాకెట్‌కి, అంతా సరిగ్గానే పెట్టాడు. సౌండ్ రాలేదు. వాల్యూమ్ పెంచాడు. రాలేదు. సగం దాటించాడు. అప్పుడు చూశాడు, టేప్ మానిటర్ బటన్ నొక్కి ఉందని. ఆ బటన్ నొక్కి ఉంటే రిసీవర్ టేప్ సాకెట్‌ని మాత్రమే వింటుంది, మీరు ఆక్స్‌లో పెట్టినా ఏం వినిపించదు. దాన్ని మళ్లీ నొక్కి వదిలాడు. టీవీ సౌండంతా ఒక్కసారిగా మీద పడింది. నాబ్ వెనక్కి తిప్పేలోపే ట్వీటర్ల పని అయిపోయింది.

ఇలా పోయిన బాక్సులు చాలానే చూశాను. తప్పు ఒక్కటే: సౌండ్ రాకపోతే వాల్యూమ్ పెంచడం. సౌండ్ రాలేదంటే దారిలో ఎక్కడో అడ్డం ఉంది. నాబ్ ఎంత తిప్పినా ఆ అడ్డం తొలగదు. మీరు వెతికి దాన్ని తీసిన క్షణంలో, అంతవరకూ పెంచిన వాల్యూమ్ మొత్తం బాక్సుల మీద పడుతుంది. ట్వీటర్‌లో ఉండేది వెంట్రుకలాంటి సన్నని తీగ చుట్ట. యాంప్ తన శక్తికి మించి తోసినప్పుడు పుట్టే కరకర అంతా ఎక్కువగా దానికే తగులుతుంది. బేస్ పలికే పెద్ద స్పీకర్, వూఫర్, తట్టుకోవచ్చు, ట్వీటర్ తట్టుకోదు.

కాబట్టి సౌండ్ రాకపోతే ముందు నాబ్ సున్నాకి. ఆ తర్వాతే వెతకండి.

సాకెట్ల దగ్గర

ఫోనో అని రాసి ఉన్నదాంట్లో టీవీ సౌండ్ పెట్టకండి. అది రికార్డ్ ప్లేయర్ కోసం. సూది నుంచి వచ్చే సిగ్నల్ మామూలుగా 5 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. కన్వర్టర్ నుంచి వచ్చేది 2 వోల్టుల దాకా ఉంటుంది, అంటే 400 రెట్లు. పైగా రికార్డు చెక్కేటప్పుడు బేస్ తగ్గిస్తారు కాబట్టి, ఫోనో సర్క్యూట్ దాన్ని తిరిగి పెంచుతుంది. టీవీ సౌండ్ అందులోకి వెళితే వచ్చేది పాట కాదు, గర్జన. ఆక్స్ ఖాళీ లేకపోతే సీడీలోనో టేప్ ప్లేలోనో పెట్టుకోండి, పని ఒకటే. టేప్ రికార్డ్ అని ఉన్నది మాత్రం బయటికి పంపే సాకెట్. అందులో పెడితే నిశ్శబ్దం, మళ్లీ చెయ్యి వాల్యూమ్ మీదికే పోతుంది.

టీవీ వెనకున్న ఎరుపు తెలుపు సాకెట్లు చాలా టీవీల్లో లోపలికి తీసుకునేవే. పక్కన 'అవుట్' అని ఉందో లేదో చదవండి.

టీవీ మెనూ దగ్గర

ఆప్టికల్ వాడుతుంటే డిజిటల్ ఆడియోని పీసీఎంకి (కుదించని మామూలు డిజిటల్ సౌండ్‌కి) మార్చండి. డాల్బీలో (కుదించి పంపే పద్ధతిలో) వదిలేస్తే మామూలు కన్వర్టర్‌కి అది అర్థం కాదు. కొన్ని మౌనంగా ఉంటాయి, కొన్ని బుస్సుమని అరుస్తాయి. రెండూ ప్రమాదమే. మౌనంగా ఉంటే మీరు వాల్యూమ్ పెంచుతారు, తర్వాత మెనూలో పీసీఎం నొక్కుతారు. మా తమ్ముడికి జరిగిందే మీకూ జరుగుతుంది. మెనూ తాకే ముందు కూడా నాబ్ సున్నా.

హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీసుకుంటే ఇంట్లో రెండు వాల్యూములు ఉన్నట్టు. టీవీది తక్కువ పెట్టి రిసీవర్‌ది బాగా పెంచుకుంటే, పిల్లలెవరో రిమోట్ నొక్కగానే అదే కథ. టీవీది ముప్పావు వంతు దగ్గర పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకండి.

ఇక మిగతావి, వరసగా:

పిన్ను పెట్టేటప్పుడు, తీసేటప్పుడు యాంప్ ఆపి ఉండాలి. ఆ పిన్నుల్లో మధ్య పుల్ల ముందు తగులుతుంది, చుట్టూ ఉన్న గ్రౌండ్ తర్వాత. ఆ మధ్యలో వచ్చే భుర్రుమనే మోత బాక్సులకి మంచిది కాదు.

ఆన్ చేసేటప్పుడు యాంప్ చివర. ఆపేటప్పుడు యాంప్ మొదట.

బాక్సు వైరులో ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కి తగలకూడదు. కళ్లకి దగ్గరగా పెట్టి, లైటు వేసి చూడండి.

స్పీకర్ టెర్మినల్స్ నుంచి టీవీకి గానీ కన్వర్టర్‌కి గానీ వైరు లాగకండి. ఎప్పుడూ.

రిసీవర్ వెనక రాసిన వోల్టేజి చదవండి. 110 అనో 120 అనో మాత్రమే ఉంటే 230 సాకెట్‌లో గుచ్చకండి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి.

గుయ్‌మని హమ్ వస్తే ఎర్త్ పిన్ను విరగ్గొట్టకండి. లోపల ఏదైనా తెగితే ఆ ఇనుప పెట్టెకి కరెంటు వస్తుంది, దాన్ని తాకేది మీ ఇంట్లోవాళ్లే. టీవీకి వచ్చే కేబుల్ కనెక్షన్ ఒకసారి తీసి చూడండి. హమ్ ఆగితే అది వచ్చే దారి అదే, అక్కడ ఐసొలేటర్ (ఆ దారిని తెంచే చిన్న పరికరం) పెట్టించండి.

రిసీవర్ మూత తెరవకండి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది.

ఫ్యూజు పోతే అంతే రేటింగ్‌ది వేయండి. పెద్దది వేయకండి, రేకు చుట్టకండి.

రిసీవర్ నెత్తిన సెట్‌టాప్ బాక్సు పెట్టకండి. ఆ గాలి రంధ్రాలు వేడి పోవడానికి.

ఆప్టికల్ కేబుల్ చివరనున్న ప్లాస్టిక్ టోపీ తీశారా? చాలామంది తీయరు. సౌండ్ రాదు. వాల్యూమ్ పెంచుతారు. పెంచకండి!

మొదటిసారి వినేటప్పుడు పాట వద్దు, వార్తలు పెట్టండి. నాబ్ సున్నా నుంచి గోరంత కదిపి ఆగండి. కన్వర్టర్ సిగ్నల్ గట్టిది, నాబ్ కొద్దిగా తిప్పితేనే గది నిండుతుంది. ఒక బాక్సులోనే మాట వస్తే పెంచకండి. సున్నాకి తిప్పి, యాంప్ ఆపి, రెండో పిన్ను చూడండి.