సెల్లార్ గోడ కారుతోందా, పగిలిందా, ఉబ్బిందా?

తిరుపతిలో సెల్లార్ రిటైనింగ్ వాల్ (చుట్టూ మట్టిని ఆపే గోడ) సత్తా ఏపాటిదో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లో తేలిపోతుంది. ఉత్తరాన శేషాచలం, దక్షిణాన స్వర్ణముఖి. కొండ వైపు నుంచి పల్లానికి దిగే నీళ్లకు మన గోడ అడ్డం నిలబడుతుంది. 2021 నవంబరు వరదలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గోడ మోసేది మట్టి బరువు ఒక్కటే కాదు, ఆ మట్టిలోని నీళ్లు కూడా.

గోడంతా చెమ్మ, పెయింట్ పొక్కులు, తెల్లటి ఉప్పు

ముందు తేమ ఎక్కడిదో తేల్చుకోండి. అడుగు చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. తడి షీటు పైన ఉంటే అది గాలిలోని తేమ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోతుంది. షీటు వెనక తడి ఉంటే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. అప్పుడు లోపల మళ్లీ ప్లాస్టరింగ్ చేయించి రంగు వేయిస్తే డబ్బు దండగ, వచ్చే వానకే ఊడిపోతుంది. బయటికెళ్లి చూడండి. టెర్రస్ పైపు గోడ పక్కనే నీళ్లు వదులుతోందా? సంపు కారుతోందా? చాలా ఇళ్లలో రోగం అక్కడే ఉంటుంది.

గోడ, ఫ్లోర్ కలిసే చోట ఊట

ఫ్లోర్ ఒక రోజు, గోడ మరో రోజు పోస్తారు. ఆ జాయింటులో వాటర్ స్టాపర్ (నీళ్లను ఆపే పట్టీ) పెట్టకపోతే నీళ్లకు అదే దారి. పైపైన సిమెంటు పూస్తే నిలవదు. జాయింటు వెంట రంధ్రాలు వేసి పీయూ గ్రౌటింగ్ (పాలీయురేథేన్ ద్రవాన్ని ఒత్తిడితో ఎక్కించి సందులు మూయడం) చేయించాలి.

నిలువుగా సన్నటి పగుళ్లు

ఎక్కువగా కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకోవడం వల్ల వస్తాయి. వెడల్పు పెరగకపోతే గ్రౌట్ చేస్తే చాలు.

గోడ మధ్య ఎత్తులో అడ్డంగా పగులు, లేదా లోపలికి ఉబ్బు

అసలు భయపడాల్సింది దీనికి. మూడు మీటర్ల లోతున నిలిచిన నీళ్లు గోడ అడుగున చదరపు మీటరుకు మూడు టన్నుల ఒత్తిడి పెడతాయి, మట్టి తోపు దానికి అదనం. కమ్మీ తక్కువైనా, తప్పు వైపు కట్టినా గోడ తట్టుకోలేదు. పైన స్లాబ్ పడకముందే వెనక మట్టి నింపి జేసీబీతో తొక్కించినా ఇంతే. పైన ఆనిక ఉంటుందని డిజైన్ చేసిన గోడ అప్పటికి ఒంటరిగా నిలబడి ఉంటుంది.

వెంటనే గోడ పక్కన ఇసుక, కంకర, బండ్లు లేకుండా చేయండి. పగులు చివర్లలో పెన్సిల్ గీత పెట్టి తేదీ రాయండి. పగులు గీత దాటితే సపోర్టులు పెట్టించి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. కమ్మీ పెంచాలా, లోపల మరో ఆర్‌సీసీ పొర వేయాలా అన్నది ఆయన లెక్కగట్టి చెప్పాలి, మేస్త్రీ అంచనా చాలదు.

గోడకు వీప్ హోల్స్ (వెనక నీళ్లు బయటికి పోయే రంధ్రాలు) పెట్టమనే సలహా తప్పకుండా వస్తుంది. కొండ అంచున ఆరుబయట కట్టే గోడకు అవి అవసరమే. సెల్లార్‌లో పెడితే నీళ్లు, సన్నమట్టి మన పార్కింగ్‌లోకే వస్తాయి. గోడ వెనక పునాది మట్టంలో చిల్లుల పైపు వేసి, చుట్టూ కంకర నింపి జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపేది) చుట్టి, నీళ్లను విడిగా ఒక సంపు గుంతలోకి మళ్లించి మోటారుతో తోడాలి.

సెల్లార్ నిండా వరద నీళ్లు

టెన్షన్‌లో ఒకేసారి తోడేయకండి. బయటి నీళ్ల తోపుకు లోపలి నీళ్లే ఎదురు బలం. ఒక అడుగు తోడి, మట్టం దగ్గర గీత పెట్టి, రాత్రంతా ఆగండి. తెల్లారేసరికి నీళ్లు గీత దాటి పైకొస్తే బయట మట్టం ఇంకా తగ్గలేదు, ఆగాల్సిందే.